ఊరంతా చదివిన తాళంచెవి

"ఆ పెట్టె గడప దాటిందంటే దాని వెనకాలే నేనూ దాటతా. ఆలోచించుకో."

జాన్‌బీ ద్వారబంధానికి రెండు వైపులా చేతులు ఆనించి నిలబడింది. ఎదురుగా ఆమె మొగుడు ఆదాం. కంప్యూటర్ పెట్టెని సిమెంటు బస్తా ఎత్తుకున్నట్టు రొమ్ముకి హత్తుకుని ఉన్నాడు. పెట్టె వెనక వేలాడుతున్న తీగ ఒకటి నేల మీద ఈడ్చుకుంటూ వచ్చి, మంచం కోడుకి చుట్టుకుని, ఇక రానని మొరాయించింది. ప్రస్తుతానికి ఆ ఇంట్లో జాన్‌బీ పక్షాన ఉన్నది ఆ తీగ ఒక్కటే.

"తప్పుకోవే."

"తప్పుకోను."

"సాగర్ కాలవలో పడేసొస్తా. దరిద్రం వదిలిపోద్ది."

"ఎట్టా వదిలిపోద్దయ్యా? ఊళ్లో సందుకొక ఇంటర్నెట్ సెంటర్ ఉంది. అన్నిట్లోని పెట్టెల్నీ ఎత్తుకెళ్లి కాలవలో పోస్తావా? నీ లారీ సరిపోద్దా?"

పంచలో నులకమంచం మీద కూర్చున్న సైదా గొంతు సవరించుకున్నాడు. సైదా ఆదాంకి అన్న. చిలకలూరిపేట బజార్లో పరుపుల కొట్టు ఆయనది. ఆ కొట్టుకి పరుపులు కుట్టిచ్చేది జాన్‌బీయే గానీ, ఆ సంగతి బోర్డు మీద ఉండదు. రెండిళ్లకీ పెళ్లికైనా చావుకైనా ఆఖరి మాట తనదేనని ఆయనే ఎప్పుడో ఖాయం చేసుకున్నాడు. కాదన్నవాళ్లు లేరు కాబట్టి అలాగే చెల్లిపోతోంది.

"అమ్మాయ్, మగాడికి అడ్డం నిలబడటం మన ఇంటా వంటా లేదు" అన్నాడు.

"లేదు బావగారూ. అందుకే ఇవాళ కొత్తగా నేర్చుకుంటున్నా."

సైదా మొహం మాడిపోయింది. ఒళ్లో ఉన్న కాగితాన్ని విప్పి, మళ్లీ మడిచాడు. నిన్నటి నుంచి ఆ కాగితాన్ని ఆయన విప్పడం, మడవడం చూసీ చూసీ జాన్‌బీకి దాన్ని లాక్కుని పొయ్యిలో పెట్టాలనిపిస్తోంది.

అది ఇంటర్నెట్‌లో స్నేహాలు కలుపుకునే ఆర్కుట్‌లో వాళ్ల కూతురు నస్రత్ పేజీ. రంగుల్లో ప్రింటు తీసింది. పైన నస్రత్ ఫోటో, సైదా కూతురు కరీమున్ పెళ్లిలో ముస్తాబై నవ్వుతున్నది. దాని కింద ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు. 'ఒంటరిగా ఉన్నాను. నాతో ఫ్రెండ్‌షిప్ చెయ్యండి. ఫోన్ చెయ్యండి.' ఆ కింద ఒక సెల్లు నంబరు. ఆ నంబరు ఎవరిదో కాదు, ఆదాందే.

నిన్న పొద్దున దాచేపల్లిలో సిమెంటు లోడు కోసం లారీ వరసలో ఉండగా ఆ సెల్లు మోగింది. "నస్రత్ ఉందా?" అని ఎవడో కుర్రాడు. ఆదాం తిట్టి పెట్టేశాడు. మళ్లీ మోగింది, ఇంకొకడు. ఆ వెనకాల మరొకడు. పక్కనున్న క్లీనరు ప్రేమదాసు మంచివాడు, ఏమీ విననట్టు టైర్లు తట్టి చూడసాగాడు. అతను నవ్వి ఉంటే ఆదాం ఒక దెబ్బ వేసి తేలికపడేవాడు. విననట్టు ఉండటమే చంపేసింది. లోడు కూడా ఎత్తకుండా ఖాళీ లారీతో వచ్చేశాడు. వచ్చేసరికి పంచలో అన్న, అన్న చేతిలో ఈ కాగితం.

దాన్ని ప్రింటు తీసి తెచ్చింది సైదా కొడుకు అష్రఫ్. గుంటూరులో ఇంజనీరింగు చదువుతున్నాడు. సెలవలకి వచ్చినవాడికి ఆ పేజీ కంటపడిందట. చెల్లెలి పరువు బజారున పడుతోందని కడుపు రగిలి తండ్రికి చూపించాడట.

"నిప్పు లేందే పొగ రాదు" అన్నాడు సైదా. "నేను చెప్పేది ఒకటే. పిల్ల రేపట్నుంచి కాలేజీకి పోదు. పరీక్షలు రాసినప్పుడు రాసింది, లేనప్పుడు లేదు. ఎంసెట్టూ గింసెట్టూ వద్దు. ఇక ఆ పెట్టె అంటావా, కాలవలో ఎందుకు పోయడం? డబ్బులు పోసి కొన్నది. మా అష్రఫ్‌కి ఇచ్చెయ్యండి. చదువుకి పనికొస్తుంది. సాయంత్రం పంపిస్తా వాణ్ణి."

లోపలి గది తలుపు దగ్గర పరదా కదిలింది.

"ఆ ఫోటో నా దగ్గర లేదు పెదనాన్నా." నస్రత్ గొంతు ఏడ్చి ఏడ్చి బొంగురుపోయింది. "నేను పెట్టలేదు. ఆ రాతలు నావి కాదు. మీరే ఆలోచించండి, నాన్న నంబరు నేనెందుకు పెడతాను?"

"పెద్దోళ్లు మాట్లాడుతుంటే మధ్యలో దూరటం కూడా ఆ పెట్టెలోనే నేర్చుకున్నావా?"

"నా గురించే కదా మాట్లాడుతున్నారు."

"విన్నావురా ఆదాం? విన్నావా?"

ఆదాం విన్నాడు. అతనికి కూతురంటే ప్రాణం. ఆ ప్రాణం మీదే దెబ్బ తగిలేసరికి ఎటు తిరగాలో తెలియక అన్న మాటని పట్టుకుని వేలాడుతున్నాడు.

జాన్‌బీ ద్వారబంధం వదల్లేదు. "ఎలకలున్నాయని ఇంటికి నిప్పెట్టుకుంటామా బావగారూ? అసలే మనది దూది ఉన్న కొంప."

"నీ సామెతలు నీ పిల్లని కాపాడవమ్మాయ్."

"కాలేజీ మాన్పిస్తే కాపాడినట్టా? ఊళ్లో జనం ఏమనుకుంటారు? తప్పు చేసింది కాబట్టే ఇంట్లో కూర్చోబెట్టారనుకుంటారు. ఆ కాగితం మీద మన చేత్తో మనమే వేలిముద్ర వేసినట్టు."

సైదా లేచాడు. పైగుడ్డ దులిపి భుజాన వేసుకున్నాడు. "ఆదాం, నీ ఇంట్లో మాట నీదో నీ పెళ్లానిదో తేల్చుకో. నమాజుకి టైమవుతోంది" అని మెట్లు దిగిపోయాడు.

ఆదాంకి చేతులు పీకుతున్నట్టున్నాయి. పెట్టెని సరిగ్గా గడప మీద దించాడు. ఇంటి లోపలా కాదు, బయటా కాదు. దించి, జాన్‌బీ మొహం చూడకుండా మసీదుకి వెళ్లిపోయాడు.

*

అన్నం వార్చింది వార్చినట్టే ఉంది. గోంగూర పచ్చడి రోట్లోనే ఉండిపోయింది. వాకిట్లో లారీకి కప్పే పరదా పట్టా మీద ఆరబోసిన మిరపకాయల ఘాటు ఇంట్లోకి వస్తోంది. మామూలు రోజైతే తుమ్ములూ నవ్వులూ ఉండేవి.

జాన్‌బీ లోపలి గదిలోకి వెళ్లి కూతురి పక్కన చతికిలబడింది. కుట్టాల్సిన పరుపు ఒకటి ముందుకి లాక్కుని దబ్బనంలోకి దారం ఎక్కించింది. చేతులు ఊరికే ఉంటే ఆమెకి మాట సరిగ్గా రాదు.

"ఇప్పుడు చెప్పు. నాతో అబద్ధమాడితే మాత్రం మీ పెదనాన్న కంటే నేనే ముందు ఆ పెట్టె పగలగొడతా. ఆ పేజీ నువ్వే తెరిచావా?"

"నేనే. క్లాసులో అందరికీ ఉందమ్మా. నోట్సులు అడుక్కుంటాం, పరీక్షల గురించి రాసుకుంటాం."

"ఫోటో?"

"నేను నా ఫోటో పెట్టనే లేదు. మందారం పువ్వు బొమ్మ పెట్టుకున్నా."

"మరి ఇదంతా ఎప్పుడు చూశావు?"

నస్రత్ తల దించుకుంది. "మొన్న సోమవారం."

దబ్బనం ఆగిపోయింది. "సోమవారం చూసి ఇవాళ్టి దాకా చెప్పలేదా?"

"చెప్తే ఏం చేస్తారు? కంప్యూటర్ తీసేస్తారు, కాలేజీ మాన్పిస్తారు. అదే కదా జరిగింది! తుడిచేద్దామనుకున్నా. తుడిస్తే మర్నాడు మళ్లీ పెట్టాడు. నాకు భయమేసింది."

ఆ మాట జాన్‌బీకి సూటిగా తగిలింది. పిల్ల ఇన్నాళ్లూ తమ మధ్యే తింటూ, పడుకుంటూ, లోపల ఇంత మంటని ఒక్కతే మోసింది. ఊళ్లో ఎవడికో భయపడి కాదు, కన్నవాళ్లకి భయపడి. జాన్‌బీకి ఏడుపొచ్చింది. ఏడుపు వెనకాలే కోపమూ వచ్చింది, ముందు తన మీదే.

"చెప్పకుండా దాచావే, అది నీ తప్పు" అంది. "చెప్తే చంపుతారని నువ్వు భయపడేట్టు మేముండటం మా తప్పు. నీ తప్పు నువ్వు దిద్దుకో, మా తప్పు మేం దిద్దుకుంటాం. సరే, వాడు లోపలికి ఎట్టా వచ్చాడు? ఎవడు పడితే వాడు రాకుండా తాళం లాంటిది ఉంటదన్నావుగా?"

"పాస్‌వర్డ్. అది వేస్తేనే తెరుచుకుంటుంది."

"అది పగలగొట్టాడా?"

"లేదమ్మా. పాస్‌వర్డ్ వేసే వచ్చాడు. అదే నాకు అర్థం కావట్లేదు. అందుకే అందరూ నేనే రాశానంటున్నారు."

"అంటే తాళంచెవి వాడి దగ్గర ఉంది. ఏం పెట్టావేంది పాస్‌వర్డు?"

"ఇంకేం పెడతాను? మన నంబరే."

"మన నంబరంటే?"

నస్రత్ కిటికీ వైపు చూసింది. కిటికీలోంచి వాకిట్లో ఆగిన లారీ కనిపిస్తోంది. అద్దం పైన ఎర్రక్షరాలతో 'నస్రత్' అని పేరు. బంపరు మీద పసుపు పట్టీలో నల్లగా, దూరం నుంచి కూడా చదవగలిగేంత లావున, నంబరు. ఏపీ జీరో సెవెన్ టీ, జీరో సెవెన్ ఎయిట్ సిక్స్.

దేవుడి పేరుకి గుర్తని ఆ చివరి మూడంకెల కోసం ఆదాం ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగాడు. దొరికాక ఆ నంబరు ఇంటికి దీవెన అయిపోయింది. ట్రంకు పెట్టె తాళానికి అదే. సెల్లు తెరవడానికి అదే. బ్యాంకు కార్డుకీ అదే. "మన నంబరు ఉండగా ఇంకోటి ఎందుకురా, మర్చిపోయే పని లేదు" అని ఆదాం చుట్టాలందరి ముందూ గొప్పగా చెప్పుకుంటాడు. వాళ్లు నవ్వితే అతనికి అదో సంతోషం.

జాన్‌బీ లారీ వంక చూసింది. కూతురి వంక చూసింది. ఉన్నట్టుండి నవ్వు మొదలైంది. ఆపుకుందామన్నా ఆగలేదు.

"ఒసే పిచ్చిదానా! తాళంచెవిని ముందొకటి వెనకొకటి రాయించి గుంటూరు నుంచి నాగపూర్ దాకా తిప్పుతున్నాం కదే! ఊరంతా చదువుకున్నారు!"

నస్రత్‌కి కూడా నవ్వొచ్చింది. నవ్వుతూనే తల్లి ఒళ్లో తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. జాన్‌బీ ఆ తల నిమురుతూ ఉండిపోయింది. లారీ నంబరు ఊరంతా చదువుతారు, నిజమే. అది ఇంట్లో ప్రతి తాళానికీ తాళంచెవి అని మాత్రం ఊరంతటికీ తెలియదు. తమ సంగతి తెలిసినవాడెవడికో తెలుసు. పైగా కరీమున్ పెళ్లి ఫోటో... ఆమె ఆ ఆలోచనని అక్కడే తుంచేసింది. కొన్ని ఆలోచనలు పూర్తి చేస్తే నిజమైపోతాయని భయం.

*

ఆదాం తిరిగొచ్చేసరికి గడప మీద పెట్టె లేదు. ముందు గదిలో, వీధి తలుపు ఎదురుగా, బల్ల మీద ఉంది. తీగలన్నీ ఎక్కడివక్కడ పెట్టేసి ఉన్నాయి. తెర వెలుగుతోంది. దాని ముందు కూతురు, కూతురి పక్కన ముక్కాలి పీట వేసుకుని పెళ్లాం.

"నేను చెప్పిందేంది, మీరు చేస్తున్నదేంది?"

"ముందు నువ్వు కూర్చో. నీ బ్యాంకు కార్డు నంబరు మారుస్తావా, అట్టాగే ఉంచుతావా?"

"కార్డుకేమైంది?"

జాన్‌బీ చెప్పింది. ఆదాం విన్నాడు. వింటూ వింటూ మంచం మీద కూలబడ్డాడు. కిటికీలోంచి తన లారీనే కొత్తగా చూస్తున్నట్టు చూశాడు. నిన్నటి నుంచి కూతురు చెప్తూనే ఉంది నేను కాదు నాన్నా అని. తీరా చూస్తే తన గొప్పే తన ఇంటి తలుపు తీసి పెట్టింది.

"నేను కాదంటే నమ్మలేదు నాన్నా నువ్వు" అంది నస్రత్, వెనక్కి తిరక్కుండా.

ఆదాం లేచి కూతురి తల మీద చెయ్యి వేశాడు. క్షమించమనడం అతనికి తెలియదు. ఆ చెయ్యే అన్నీ చెప్పుకుంది.

"సరే. ఆ పేజీ మొత్తం తీసిపారెయ్యమ్మా. పీడా పోద్ది" అన్నాడు చివరికి.

"తీసేస్తాను నాన్నా. నాకూ వద్దు."

"తీయదు" అంది జాన్‌బీ.

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు.

"ఏవయ్యా, ఒకటడుగుతా చెప్పు. కూతురి పేరు లారీ మీద రాయించి ఊరూరా తిప్పుతున్నావు. ఏ హోటల్ దగ్గరో ఎవడో ఆ పేరు చదివి వెకిలిగా కూశాడనుకో. ఏం చేస్తావు?"

"పళ్లు రాలగొడతా."

"పేరు చెరిపేస్తావా?"

"ఎందుకు చెరుపుతా? నా కూతురి పేరు!"

"మరి ఇక్కడెందుకు చెరపాలి?"

ఆదాం తెర దగ్గరికి వంగి కూతురి పేరు వెతుక్కున్నాడు.

"నాకు ఇదేందో తెలీదు" అంది జాన్‌బీ తెర వైపు చెయ్యి చూపిస్తూ. "ఐదో క్లాసు చదువు నాది, అదీ తెలుగులో. నాకు దీన్ని చూస్తే భయమే. అయినా రోడ్డు కూడా తెలీకుండానే దాటించాను కదా పిల్లని చిన్నప్పుడు. హైవే మీద లారీలు పోతున్నాయని బడి మాన్పించామా? చెయ్యి పట్టుకుని దాటించాం. దాటడం వచ్చాక వదిలాం. ఇదీ అంతే. ఇవాళ్టి నుంచి ఈ పెట్టె లోపలి గదిలో ఉండదు, ఇక్కడే ఉంటది, నలుగురూ తిరిగే చోట. తెలియనోడు స్నేహం అంటే తలుపు తీసేది లేదు. పని కాగానే తాళం వేసి లేవాలి. ఏం తేడా వచ్చినా ఆ పూటే నాకు చెప్పాలి. చెప్పిన దానికి ఈ ఇంట్లో ఎవరూ చెయ్యెత్తరు. ఏవయ్యా?"

"ఊఁ" అన్నాడు ఆదాం.

"గట్టిగా."

"ఎత్తనంటున్నానుగా!"

"మరి నాకు నేర్పు" అంది కూతురితో. "ఏది నొక్కితే ఏమవుద్దో నేను చూడాలి. చూడకుండా కాపలా కాయమంటే నేను గుడ్డి కాపలా కాయలేను."

నస్రత్ ఆమె చేతిని మౌస్ మీద పెట్టింది. దూది ఏకి, దబ్బనం పట్టి మొద్దుబారిన వేళ్లు. తెర మీద బాణం గుర్తు పిచ్చి పట్టినట్టు పరిగెత్తి ఒక మూలకి పోయి దాక్కుంది. "ఎక్కడికి పోయిందే?" అంటే ఆదాం కూడా నవ్వాడు, నిన్నటి తర్వాత మొదటిసారి. ముందుగా పాస్‌వర్డ్ మార్చారు. కొత్తది ఏం పెట్టిందో నస్రత్ తల్లి చెవిలో మాత్రం చెప్పింది. ఆదాం అడిగితే "నీకు చెప్తే బంపరు మీద రాయిస్తావు" అంది జాన్‌బీ.

పెళ్లి ఫోటో తీసేశారు. ఆ మాటలు, ఆదాం నంబరు తీసేశారు. నస్రత్ పేరుతో వాడు చేర్చిన స్నేహితులని ఒక్కొక్కరినే తీసేస్తుంటే జాన్‌బీ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఈ మిరపకాయ బొమ్మ ఎవరిది?"

"'గుంటూరు మిర్చి' అని పెట్టుకున్నాడు. అసలు పేరు లేదు. మొదట్లో వెకిలి రాతలన్నీ వీడివే. అవి చూసే మిగతావాళ్లు ఎగబడ్డారు."

"వీణ్ణి తీయకు. నేను చెప్పేది వీడు కూడా చదవాలి. రాయి."

"ఏం రాయాలి?"

జాన్‌బీ నడుం నిటారుగా చేసుకుని కూర్చుంది. సంతలో నిలబడి నలుగురికీ వినపడేట్టు మాట్లాడుతున్న గొంతుతో చెప్పసాగింది. నస్రత్ ఆ మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లోకి దించింది.

"నేను నస్రత్ వాళ్ల అమ్మని. నా పేరు జాన్‌బీ. పరుపులు కుడతాను. ఈ పేజీలో మొన్న ఉన్న రాతలు నా కూతురివి కావు. ఎవడో దొంగతనంగా లోపలికొచ్చి రాశాడు. ఫోన్లు చేసిన అబ్బాయిలకి చెప్తున్నా, ఆ నంబరు వాళ్ల నాన్నది. మళ్లీ చేస్తే ఆయన తీరిగ్గా మాట్లాడతాడు. రాసినోడికి చెప్తున్నా. ఏ కంప్యూటర్‌లోంచి రాశావో పోలీసులు పట్టుకోగలరని కాలేజీలో చెప్పారంట. సోమవారం గుంటూరు వెళ్తున్నా. ఈలోపు నువ్వే వచ్చి తప్పయిందని చెప్తే మా ఇంట్లో కూర్చోబెట్టి మాట్లాడతా. రాకపోతే అక్కడ మాట్లాడతా. నా కూతురు రేపు కాలేజీకి వెళ్తది. ఈ పేజీ ఇక్కడే ఉంటది."

"ఇంటి ఆడదాని పేరు నలుగురిలో పెట్టి..." అని ఆదాం సణిగాడు.

"నాది నేనే పెట్టుకున్నా. దొంగ పెట్టలా."

"చివర్లో దయచేసి అని పెట్టనా అమ్మా?" అంది నస్రత్.

"దేనికి?"

"మర్యాదకి."

"మర్యాద వాడు మొదలుపెట్టాలి. నొక్కు."

నస్రత్ నొక్కింది.

*

అన్నాలు తిన్నారు. రోట్లో పచ్చడి గిన్నెలోకి వచ్చింది. ఆదాం ప్రేమదాసుని పిలిపించి, దాచేపల్లి లోడు రేపు ఎత్తుదామని చెప్పి పంపాడు. జాన్‌బీ వాకిట్లో మిరపకాయలు తిరగేసి వచ్చింది. మనసు మాత్రం ఆ వెలిగే తెర మీదే ఉంది. రాసినంత సేపూ లేని భయం ఇప్పుడు వచ్చింది. తన పేరు అక్కడ, ఎవరు పడితే వాళ్లు చూసే చోట ఉంది. ఎవడైనా దాని కింద ఇంకేదైనా రాస్తే? పిల్లని ఇంకా ఊబిలోకి తోశానా? అడిగేవాళ్లు లేరు కాబట్టి ఎవరికీ చెప్పలేదు.

పొద్దు వాలుతుండగా నస్రత్ పిలిచింది. "అమ్మా, ఆ మిర్చివాడు రాశాడు!"

ఆదాం కూడా పరిగెత్తుకొచ్చాడు. "ఏం కూశాడు? చదువు."

నస్రత్ పాఠం అప్పజెప్పినట్టు గబగబా చదివేసింది.

"'పిన్నీ, ప్లీజ్, అది తీసెయ్. పోలీసుల దగ్గరికి వద్దు. ఇంతదాకా వస్తుందనుకోలేదు.'"

చదివాక తనేం చదివిందో తన చెవికి అందింది. తల తిప్పి తల్లి వైపు చూసింది.

జాన్‌బీకి అక్కచెల్లెళ్లు లేరు. ఆదాంకి ఉన్నది ఒక్క అన్న. ఈ భూమ్మీద ఆమెని పిన్నీ అని పిలిచే ఇల్లు ఒకటే. అందులో కరీమున్ పెళ్లై అత్తారింటికి వెళ్లింది, ఆ పిల్లకి కంప్యూటర్ అంటే ఏమిటో తెలియదు. వాడు పేరు దాచుకున్నాడు, మొహం దాచుకున్నాడు, మిరపకాయ బొమ్మ వెనక నిలబడి ఆడపిల్లని బజారుకీడ్చాడు. మాటలొచ్చినప్పటి నుంచి నోటికి అలవాటైన పిలుపుని మాత్రం దాచుకోలేకపోయాడు. భయంలో అదే ముందు వచ్చేసింది.

తను అన్నం కలిపి నోట్లో పెట్టి పెంచిన పిల్లాడు. జాన్‌బీ గుండె ముక్కలైంది. ముక్కలైనా ఆమె కళ్లలో ఒక్క చుక్క రాలేదు.

ఆదాంకి అర్థం కావడానికి కొంచెం ఆలస్యమైంది. అర్థమయ్యాక అతని మెడ నరాలు ఉబ్బాయి. "వాణ్ణి..." అంటూ మూలనున్న టైరు రాడ్డు వైపు నడిచాడు.

జాన్‌బీ అతని చెయ్యి పట్టుకుంది. "ఇంట్లో కూర్చోబెట్టి మాట్లాడతానని రాశాను. నలుగురిలో రాసిన మాట."

"నా కూతుర్ని..."

"నాక్కాదా కూతురు? కూర్చో."

వీధిలో బైకు ఆగిన చప్పుడైంది. ఆదాం కూర్చున్నాడు గానీ రాడ్డు వదల్లేదు.

"పిన్నీ..." వాకిట్లోంచి అష్రఫ్ పిలిచాడు. ఎప్పుడూ అరిచినట్టు పిలిచేవాడు, ఇవాళ గొంతు పైకి రావడం లేదు. "నాన్న కంప్యూటర్ తీసుకురమ్మన్నాడు. తనూ వచ్చాడు."

అష్రఫ్ వెనకే సైదా మెట్లెక్కుతున్నాడు. తెర వెలుగుతుండటం చూసి ఆగిపోయాడు.

"ఇంకా ఊడదీయలేదా దాన్ని? పైగా తెచ్చి నడింట్లో పెట్టారా?"

"పెట్టాం బావగారూ. రండి, కూర్చోండి." జాన్‌బీ లేచి కుర్చీ లాగి తెర ముందు వేసింది. "రా నాయనా అష్రఫ్. సరైన టైముకి వచ్చావు. ఇందాకే ఇక్కడేదో వచ్చింది. మీ పిన్నికి ఇంగ్లీషు అక్షరాలు రావుగా, కాస్త చదివి పెట్టు."

అష్రఫ్ కుర్చీ దాకా వచ్చి నిలబడిపోయాడు. నస్రత్ పక్కకి జరిగి అతనికి చోటిచ్చింది. అతని మొహంలోకి చూస్తూనే ఉంది.

"ఎవడు? ఆ వెధవేనా రాసింది?" సైదా కళ్లజోడు కోసం జేబు తడుముకుంటూ ముందుకొచ్చాడు. కళ్లజోడు కొట్లోనే మర్చిపోయినట్టున్నాడు. విసుగ్గా కొడుకు భుజం మీద చెయ్యి వేసి ముందుకి తోశాడు.

"అట్టా నిలబడతావేందిరా? అందరికీ వినపడేట్టు గట్టిగా చదువు."